నీలం జుబ్బాకు మేము చూపించిన కరువు

సిగ్నల్ కోసం మిద్దె ఎక్కే కాలం పోయి, సిగ్నల్ దొరికింది కదా అని మిద్దె దిగని కాలం వచ్చిన కొత్తలో సంగతి ఇది. అప్పటికి నేను ఎలాగో ఐటీఐ గట్టెక్కి, కల్యాణదుర్గంలో మా మేనమామ నడిపే మోటార్ వైండింగ్ షాపులో పనికి కుదిరాను. బోర్లలో నీళ్లు అడుగంటి, ఉత్తగా తిరిగి తిరిగి కాలిపోయిన మోటార్లు మా షాపు ముందు వరసగా పడుకుని ఉండేవి. వాటి కడుపులో మాడిన రాగి తీగ లాగి పారేసి, కొత్త తీగ చుట్టడం మా పని. వానలు లేకపోతే మాకే మంచిదని గిట్టనివాళ్లు అనేవారు. (శుద్ధ అబద్ధం. వానలు లేకపోతే మోటార్లు తెచ్చి పడేసేవాళ్లు ఉంటారుగానీ, బాగుచేశాక తీసుకుపోయేవాళ్లు ఉండరు.) ఆ మోటార్ల మధ్య, ఆ వార్నిష్ వాసనలో, చెరొక స్టూలు మీద కూర్చుని మామా నేనూ ఒక రాజ్యాన్ని ఏలేవాళ్లం.

నవ్వకండి, నిజంగానే ఏలేవాళ్లం. ఫోన్లో ఆడే ఆట అది. కంపెనీ వాళ్లు పెట్టిన పేరు మా నోళ్లు తిరగక అందరం కోటాట అనేవాళ్లం. కోట కట్టాలి, పంట పండించాలి, గుర్రాలను మేపాలి, తీరిక దొరికితే పక్కవాడి కోట తగలబెట్టాలి. ఒకరే కూర్చుని ఆడుకునేది కాదు. ఎక్కడెక్కడి మనుషులో ఒకే మైదానంలో తిరుగుతుంటారు, మాట్లాడుకుంటారు, తిట్టుకుంటారు. మేము చేరేనాటికే అది పాతబడిన ఆట. తుపాకుల ఆటలు, కార్ల ఆటలు వచ్చి కుర్రకారును లాక్కుపోతున్నాయి. "ఆ ఆటలో మనుషులు తగ్గిపోతాండారంట గదన్నా" అని అప్పుడూ అడిగేవాళ్లు, ఇప్పుడూ అడుగుతున్నారు. ఆ అడగడంలో ఒక జాలి ఉంటుంది చూడండి, ఆస్పత్రి మంచం పక్కన నిలబడి అడిగినట్టు, దానికి నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తగ్గితే తగ్గారు. అనంతపురం జిల్లాలో పుట్టినవాడిని పట్టుకుని, ఇక్కడ ఇంకా ఎందుకున్నావని అడగడానికి ఎవరికైనా ఎంత ధైర్యం ఉండాలి?

మా దండు గురించి చెప్పాలి. దండు అంటే ఒకే కోటలో కలిసి ఉండే ఆటగాళ్ల గుంపు. మాది ఎర్రదండు. అందులో ముప్పాతిక మంది మన చుట్టుపక్కలవాళ్లే. యాడికి అనే ఊరి నుంచి ఒక టీచరక్క ఉండేది. బడిలో పిల్లల మీద చెయ్యెత్తని మనిషి ఆటలో విల్లు పట్టుకుంటే ఎదుటి దండు గుర్రాలు దిగి పారిపోయేది. నల్లమాడ నుంచి శెట్టన్న ఉండేవాడు. నిజంగా కిరాణా అంగడి, ఆటలోనూ కిరాణా అంగడే. యుద్ధం జరుగుతున్నా సరే, కోట గుమ్మంలో బల్ల వేసుకుని రెండు వైపులవాళ్లకూ బాణాలు అమ్మిన ఘనుడు. దండుకు నాయకుడు మా మామ. నేను ఆయన సైన్యాధిపతిని. (అంటే ఆయన చేతికి వార్నిష్ అంటుకున్నప్పుడు ఆయన ఫోన్ కూడా నేనే నొక్కేవాణ్ణి.)

ఆ కోట మధ్యలో మామ ఒక బావి తవ్వించాడు. ఆటలో బావికి పనేమీ లేదు. సైనికులు నీళ్లు తాగరు, గుర్రాలు తాగవు. అంత మంచి జాగా వృథాగా ఉంది, ఆయుధాల కొట్టం కడదామని దండులో ఎన్నిసార్లు పంచాయితీ పెట్టినా మామ ఒప్పుకోలేదు. "కొట్టం యాడైనా కట్టుకోండప్పా. నీళ్లు పడిన జాగా ఇది" అనేవాడు. కంబదూరు పక్కన ఆయనకు ఒకప్పుడు సొంత మడి ఉండేది. అక్కడ వేసిన ప్రతి బోరూ దుమ్మే కక్కింది. చివరికి ఆ నేల వదిలేసి టౌనుకు వచ్చి, ఇతరుల బోరు మోటార్లు చుట్టే పని నేర్చుకున్నాడు. ఆటలో మొదటిసారి పార పట్టుకుని నేల మీద నొక్కగానే నీళ్లు పైకి వచ్చాయట. ఒళ్లో ఎవరిదో మోటారు పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చుండిపోయాడట. దాన్ని ఆట అనుకోవడం ఆయన ఆరోజే మానేశాడని నాకనిపిస్తుంది.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది. ఈ ఆట చాలా సర్వర్లుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో సర్వరూ ఒక్కో దేశం అనుకోండి, ఈ దేశం కోట ఆ దేశంలో కనిపించదు. జనం తగ్గిన సర్వర్లకు తమ ప్రతినిధి ఆదివారం పొద్దున స్వయంగా వస్తాడనీ, పరిస్థితి కళ్లారా చూసి తగిన చర్య తీసుకుంటామనీ అందులో ఉంది. ఆ వరసలో మా సర్వరూ ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాను. మామ చేతిలో రాగి తీగ ఆగిపోయింది.

"మళ్లొకసారి చదువు అల్లుడా. కళ్లారా చూస్తామన్నారా?"

"అవును మామా."

"చూసి చర్య తీసుకుంటామన్నారా?"

"అన్నారు."

"అయితే ఇంగేమప్పా!" అని మామ తొడ చరిచాడు. "బృందం వస్తాండాది!"

మన జిల్లాకు చెందని పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. వానలు ఎగ్గొట్టిన ప్రతి ఏడూ మాకు కరువు బృందం వస్తుంది. కార్లు వరసగా వస్తాయి, తెల్ల చొక్కాలవాళ్లు దిగుతారు, వేరుశనగ చెట్టు ఒకటి పీకి కాయలు లెక్కపెడతారు, తలలు ఊపి వెళ్లిపోతారు. వాళ్లకు ఏ చేను చూపించాలి, ఎవరిని ముందు నిలబెట్టాలి అన్నది ఒక పెద్ద విద్య. మామ వాళ్ల ఊళ్లో ఒక పెద్దాయన ఆ విద్య తెలియక ఊరి కొంప ముంచాడు. ఇంత దూరం వచ్చినవాళ్లు ఆకలితో పోకూడదని రాగిముద్ద కెలికించి, నాటుకోడి పులుసు చేయించి, ఊరికంతా పచ్చగా ఉన్న ఒకే ఒక్క చేను గట్టున కూర్చోబెట్టి వడ్డించాడు. బృందం తృప్తిగా తిని, ఈ ఊరు బాగుందని రాసుకుని పోయింది. చుట్టూ ఊళ్లన్నిటికీ పరిహారం వచ్చింది, వీళ్లకు రాలేదు. ఆ పెద్దాయన్ను చచ్చేదాకా ఊళ్లో అందరూ నాటుకోడి తాత అనే పిలిచారు. ఆరోజుల్లో పిల్లవాడిగా ఉన్న మామ మనసులో ఒక పాఠం గట్టిగా నాటుకుపోయింది. చూడ్డానికి వచ్చినవాడికి పచ్చదనం చూపించకూడదు.

ఆ సాయంత్రమే దండు పెద్దలందరినీ ఫోన్లో కలిపి మామ ప్రణాళిక చెప్పాడు. జెండాలు దించాలి. దివిటీలు ఆర్పాలి. బంగారు కవచాలు విప్పి, ఆటలో కొత్తగా చేరినప్పుడు ఇచ్చే గోనెపట్ట అంగీలు తొడుక్కోవాలి. గుర్రాలను అడవిలోకి తోలాలి. జనమంతా ఆ పూట ఆటలోకి రాకూడదు. ఐదారుగురు మాత్రం కోట గుమ్మంలో మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చోవాలి.

"మామా, వాళ్లు పరిహారం ఇచ్చే వాళ్లని యాడ రాసుండాది?" అంది టీచరక్క. ఆమె కూడా ఆయన్ను మామా అనే పిలిచేది. "మనుషులు లేకుంటే అంగడి మూసేస్తాం అనేదానికి వస్తాండారేమో! మా బడిలో పిల్లోళ్లు తగ్గినారని చూడనీకి వచ్చినప్పుడు మేమేం చేస్తామో తెలుసా? పక్కూరు పిల్లోళ్లను గూడా పిల్చుకొచ్చి బెంచీల మీద కూసోబెడతాం."

"బడి వేరు, కరువు వేరు తల్లీ. నువ్వు చిన్నపిల్లవి, నీకు తెల్దు."

(ఆ చిన్నపిల్లకు అప్పటికే ఇద్దరు పిల్లలు.) శెట్టన్న బాధ వేరే. "అంగడి గూడా కట్టేయల్లనా అన్నా? ఆదివారం పూట?" అన్నాడు దిగులుగా. కట్టేయాలి అన్నాడు మామ. "బాణాలు గూడా దాచిపెట్టల్లనా?" దాచాలి. అటువైపు శెట్టన్న పెట్టిన నిట్టూర్పు ఈరోజుకీ నా చెవిలో ఉంది. మూడొంతుల మంది మామ వైపే నిలిచారు. ఎందుకు నిలవరు? అందరం కరువు బృందాలను చూస్తూ పెరిగినవాళ్లమే. నేనైతే ఒక అడుగు ముందుకేసి, కోట చుట్టూ పండిన జొన్న మొత్తం నా చేతులతో కాల్చేస్తానని మాటిచ్చాను. మామ నా భుజం తట్టాడు. ఆ తట్టుడుకు పొంగిపోయి పక్కనున్న మల్లెతోట కూడా కాల్చేశాను. దాన్ని కాల్చమని ఎవరూ అడగలేదు.

ఆదివారం వచ్చింది. చర్చికి వెళ్లేవాళ్లు ఎలాగూ ఆ పూట ఆటలోకి రారు, అది కలిసొచ్చింది. మిగిలినవాళ్లను మామ బతిమాలి, బెదిరించి ఆపాడు. షాపు సగం షట్టర్ దించి మేమిద్దరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. ఎప్పుడూ సంతలా గోలగా ఉండే మా కోట పాడుబడిన పశువుల కొట్టంలా ఉంది. గుమ్మంలో గోనె అంగీలతో మామ, నేను, శెట్టన్న, ఇంకా ఇద్దరు ముగ్గురు. టీచరక్క ససేమిరా రానంది.

అతను వచ్చాడు. ఆటలో కంపెనీ మనుషులు నీలం రంగు పొడుగాటి జుబ్బా వేసుకుంటారు, అందుకని మేము నీలం జుబ్బా అనేవాళ్లం. కాలిపోయిన జొన్నచేల మధ్య నుంచి మెల్లగా నడిచి వచ్చి మా ముందు ఆగాడు. ఇంగ్లీషులో రాసి పలకరించాడు. మా తరఫున జవాబు రాయాల్సింది నేను. నాది ఐటీఐ ఇంగ్లీషు. మోటారు భాగాల పేర్ల వరకు ఢోకా లేదు. దుఃఖం రాయాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇక్కడ రోజూ ఎంతమంది ఆడతారని అడిగాడు. మామ పక్కనుంచి, "ఆరుమంది అని రాయి. ఏడిస్తే ఏడుమంది" అన్నాడు. ఆరుగురే సార్ అని రాశాను. మిగతావాళ్లు ఏమయ్యారని అడిగాడు. "వలసపోయినారని రాయి" అన్నాడు మామ. వలసపోయారు సార్, బెంగళూరు సార్ అని రాశాను. (ఆటలో బెంగళూరు లేదు. నీలం జుబ్బా ఇంకో ప్రశ్నకు పోయాడు.) మీకేం కావాలని అడిగాడు. మామ కళ్లు మెరిశాయి. ధాన్యం, గుర్రాలు, రాళ్లు, రెండేళ్లు యుద్ధం నుంచి మినహాయింపు, అన్నీ ఏకరువు పెట్టాడు, అన్నీ రాశాను. నీలం జుబ్బా కోట లోపలికి పోయి ఒక చుట్టు తిరిగాడు. బావి దగ్గర కాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి, మీ నిజాయితీకి కృతజ్ఞతలు, చూస్తే బాధగా ఉంది అని రాసి మాయమయ్యాడు.

"బాధగా ఉండాదన్నాడా?" అన్నాడు మామ.

"అన్నాడు మామా."

"పనైపాయ!" అని లేచి, ఎదురు హోటల్ నుంచి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. ఆ రోజు తిన్నంత రుచిగా బజ్జీలు మళ్లీ ఎప్పుడూ తినలేదు. తినేటప్పుడే టీచరక్క ఫోన్ చేసింది. ఏం జరిగిందో మామ గొప్పగా చెప్పాడు. అంతా విని ఆమె ఒకే మాట అంది. "దీపం ఆర్పి దీపం అడిగినారు మామా మీరు." అని పెట్టేసింది. ఆమెకు అసూయ అనుకున్నాం.

ఆ వారం దాటకముందే పరిహారం వచ్చింది. జనం లేని కారణంగా మా సర్వర్‌ను నెలాఖరుకు మూసేస్తున్నామని సందేశం. ఆటగాళ్లు పెద్ద సర్వర్‌లోకి మారవచ్చు, కానీ కోటలు, పొలాలు, కట్టడాలు వెంట రావు, ఎవరికి వాళ్లు ఎక్కడ చోటు దొరికితే అక్కడ చేరాలి. నేను తెలుగులో చెప్పడం పూర్తి చేయకముందే మామ స్టూలు మీద నుంచి లేచాడు. లేచి ఎక్కడికీ పోలేదు. షాపులో అటూ ఇటూ చూసి మళ్లీ కూర్చున్నాడు.

"కట్టడాలంటే బావి గూడానా?" అన్నాడు.

నేను తలూపాను. దండు మొత్తం మామ మీద విరుచుకుపడుతుందని భయపడ్డాను. ఆ సాయంత్రం ఫోన్లో అందరూ కలిశారు. శెట్టన్న దగ్గాడు, ఎవరో ముక్కు చీదారు. ఎవరూ మామను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయన్ను ఎక్కువ కుంగదీసిందని నాకు తెలుసు. మొదట నోరు విప్పింది టీచరక్కే.

"ఇప్పుడు ఏడ్సి ఏం లాభం మామా? మనం ఎంతమంది ఉండామో వాళ్లకు తెల్దు. తెలిసేట్ల చెయ్యల్ల."

"ఎట్ల చేసేది తల్లీ? మళ్లీ బృందం రాదు."

"బృందం రాకుంటే మనమే పోవల్ల. రోడ్డు మీద కూసోవల్ల. ఈ జిల్లాలో మనకు రోడ్డు మీద కూసునేది ఒకరు నేర్పించల్లనా?"

అలా మా వంటావార్పు మొదలైంది. కంపెనీ మొత్తానికి తలకాయలాంటిది ఆ పెద్ద సర్వర్. దాని రాజధానిలో నాలుగు రోడ్ల కూడలి ఉంటుంది. దేశదేశాల వ్యాపారుల బళ్లన్నీ దాని మీదుగానే పోవాలి. అక్కడ కొత్త పేరుతో ఎవరైనా చేరవచ్చు. చేరినవాళ్లకు ఒక గోనె అంగీ, గుప్పెడు గింజలు, నాలుగు కట్టెలు ఇచ్చి, పొయ్యి వెలిగించి వండుకోవడం మొదటి పాఠంగా నేర్పిస్తారు. మనవాళ్లకు ఇంకేం కావాలి? చెప్పిన సాయంత్రానికి ఎర్రదండు మొత్తం కొత్త పేర్లతో ఆ కూడలిలో దిగింది. టీచరక్క వాళ్లాయన్ను, మరుదులను దించింది. శెట్టన్న అంగడిలో పనివాళ్లందరి చేతికీ ఫోన్లిచ్చి కూర్చోబెట్టాడు. అందరం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించి వంట మొదలుపెట్టాం. ఆటలో మండే పొయ్యి మీదుగా బండి పోదు. కాసేపటికి నాలుగు రోడ్లూ బళ్లతో బిగుసుకుపోయాయి. ఏయే భాషల్లోనో తిట్లు మొదలయ్యాయి.

"ఏమంటాండారు అల్లుడా?" అన్నాడు మామ.

"తిడతాండారు మామా."

"మంచిదే. మనముండామని తెలిసిండాది."

ఎక్కడో చలిదేశంలో ఉండే ఒకాయన బండి దిగి వచ్చి, మీకేం కావాలి అని మర్యాదగా అడిగాడు. మా సర్వర్ మూసేస్తున్నారని రాశాను. తన సర్వర్‌ను పోయిన ఏడు మూసేశారని, అప్పుడు తామెవరూ మాట్లాడలేదని రాసి, మా పక్కనే కూర్చుని పొయ్యి వెలిగించాడు. ఆయన్ను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరికొందరు కూర్చున్నారు. ఆ రోజు ఆ కూడలిలో ఉన్న జనాన్ని చూసి ఆ ఆట ముసలిదైపోయిందని అన్నవాడెవడైనా ఉంటే నాకు చూపించండి. మామ అయితే ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని, "ఎంత పొగప్పా, ఎంత పొగ!" అని మురిసిపోయాడు. షాపు బయట నిజంగా ఒకాయన మోటారు తెచ్చి ఎంతసేపు పిలిచాడో, మాకు వినిపించలేదు.

నీలం జుబ్బా రాక తప్పలేదు. పొగలోంచి వచ్చి, పొయ్యిలన్నీ దాటి నా ముందు నిలబడ్డాడు. ఎవరి గొడవో అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు, మీరు ఆరుగురే అన్నారు కదా అని రాశాడు. మామకు తెలుగులో చెప్పాను. "ఏం రాయల్ల మామా?" అన్నాను. "నిజం రాయి" అన్నాడు మామ. "మా దేశంలో చూడనీకి వచ్చినోళ్లకు బాగుండామని చూపిస్తే ఏమీ ఇయ్యరు, సచ్చిపోతాండామని చూపిస్తేనే ఏమన్నా ఇస్తారు, అందుకే అట్ల చేసినాము, మా తప్పుగాదు, మా అలవాటు అని రాయి." నాకు చేతనైన ఇంగ్లీషులో కరువు బృందం మొదలు నాటుకోడి దాకా మొత్తం రాశాను. నీలం జుబ్బా అంతా చదివినట్టున్నాడు. తర్వాత రాసింది నాకు బాగా గుర్తుంది. తాను పోయిన ప్రతి సర్వర్‌లోనూ తనకోసం దీపాలు వెలిగించి, లేని జనాన్ని ఉన్నట్టు చూపించారట. చీకటి చూపించింది మేమొక్కరమేనట. అందుకే మమ్మల్ని ఒక్కరినే నమ్మాడట.

మూసివేత ఆగదన్నాడు, నిర్ణయం తన చేతులు దాటిపోయిందన్నాడు. కానీ దండు చెదరకుండా అందరూ ఒకే చోటికి రావచ్చు, గుర్రాలు, కవచాలు వెంట తెచ్చుకోవచ్చు, పెద్ద సర్వర్‌లో ఎక్కడ ఖాళీ నేల ఉంటే అక్కడ ఎంచుకోవచ్చు, ఇల్లు కట్టుకునే రాళ్లు, ఏడాదికి సరిపడా ధాన్యం తానే ఇప్పిస్తానన్నాడు. నేను తెలుగులో చెప్పగానే మామ మీసం మీద చెయ్యేశాడు.

"వింటివా తల్లీ?" అన్నాడు ఫోన్లో టీచరక్కతో. "ఇదేమంటావు మరి? పరిహారం కాదా ఇది? కరువు చూపిచ్చిందానికే గదా వచ్చింది!"

టీచరక్క అన్న మాట ఇక్కడ రాయలేను. బడిలో అలాంటి మాటలకు ఆమె పిల్లలను గోడ కుర్చీ వేయిస్తుంది.

నెలాఖరు సాయంత్రం మామ షట్టర్ పూర్తిగా దించేశాడు. దండంతా కోటలో బంగారు కవచాలతో నిలబడ్డాం. మామ మాత్రం గోనె అంగీతో బావి గట్టున కూర్చున్నాడు. చెప్పిన గడియకు తెర నల్లబడింది. మామ ఏడవలేదు. నేనే ఏడ్చాను, దాచుకునేదేముంది? ఫోన్లో ఆటకు ఏడ్చే మగాడిని ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారో అనే సిగ్గు కూడా ఆ పూట కలగలేదు. మామ నా వైపు చూసి, "లెయ్ అల్లుడా, కొత్త నేల చూసుకోవల్ల" అన్నాడు.

కొత్త నేల అంటే ఏమిటో ఊహించగలరు. పెద్ద సర్వర్‌లో ఏటి పక్కవి, నల్లరేగడివి ఎప్పుడో ఆక్రమించేశారు. అంత పెద్ద దండుకు సరిపడా ఖాళీగా ఉన్నది పటం అంచున ఒక రాళ్ల గుట్ట వాలు ఒక్కటే. ఇంతకుముందు అక్కడ కోటలు కట్టినవాళ్లు సగంలో వదిలేసి పోయిన గోడలు కనిపిస్తున్నాయి. మామ అటూ ఇటూ నడిచి చూశాడు. పార తీసి తవ్వాడు. రాయి. ఇంకొంచెం పక్కన తవ్వాడు. మళ్లీ రాయి. ఈ సర్వర్‌లో అన్ని చోట్లా నీళ్లు పడవని, కొన్ని జాగాల్లోనే ఉంటాయని అప్పుడు తెలిసింది.

"మామా, ఇది మన ఊరి మాదిరే ఉండాది. మనకొద్దు" అంది టీచరక్క. "రెండు మూడు గుంపులుగా విడిపోయి మంచి నేలల్లో చేరుదాం. అందరూ అదే చేస్తాండారు."

"మీరు పోతే పోండమ్మా, నేను తప్పనుకోను" అన్నాడు మామ. గొంతులో కోపం లేదు. "నేనొకసారి నీళ్లు పడలేదని వదిలిపెట్టి వచ్చినోణ్ణి. ఆ పొద్దు నాకు పెళ్లాం పిల్లోళ్లు ఉండిరి, పొట్ట ఉండె. ఈడ నాకేముండాది? ఆకలా దప్పికా? ఈ తూరి నేను యాడికీ పోను." అని మూడో చోట పార వేశాడు. ఫోన్లో శెట్టన్న గొంతు వినిపించింది. "అన్నా, పారలు నా అంగట్లో ఉండాయి. కావల్సినోళ్లు రాండి." (ఊరికే ఇచ్చాడని రాయాలని నాకూ ఉంది.)

ఆ వాలంతా గుంతలు చేశాం. టీచరక్క తిట్టుకుంటూనే తవ్వింది. ఆ చలిదేశం ఆయన కూడా వచ్చి, ఎందుకని అడక్కుండా తవ్వాడు. చివరికి నీళ్లు పడినప్పుడు మామ ఆటలో లేడు, బ్రహ్మసముద్రం వైపు ఎవరిదో మోటారు బిగించడానికి పోయి ఉన్నాడు. ఫోన్ చేసి చెబితే సంతోషించాల్సింది పోయి, "నేను లేకుండా ఎట్ల తవ్వినారప్పా మీరు?" అని మా అందరినీ వరసబెట్టి తిట్టాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. నాకిప్పుడు సొంత షాపుంది, చిన్న అక్షరాలు చదవడానికి కళ్లద్దాలున్నాయి, వైద్యుడు వద్దన్నందుకు బజ్జీలు లేవు. ఆటలో జనం తగ్గారా అంటే తగ్గారు. మా చుట్టూ మంచి నేలలు పట్టుకున్న దండ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. వాళ్ల కోటల్లో ఇప్పుడు గడ్డి మొలుస్తోంది. ఇంకా సాయంత్రమైతే దివిటీలు వెలిగేది మా రాళ్ల గుట్ట మీదే. వెలిగించేవాళ్లం కొందరమే అయినా, వెలిగిస్తాం. మూసేస్తే మూసేయనీ. మూసేదాకా మేముంటాం. మూశాక ఎక్కడుండాలో మామ చూసుకుంటాడు.

మొన్నొక సాయంత్రం మా కోట గుమ్మం ముందు ఒకడు నిలబడి ఉన్నాడు. ఒంటి మీద గోనె అంగీ, కొత్తగా చేరినవాడు. ఈ ఆట చచ్చిపోతోందని అందరూ అంటున్నారు, ఇప్పుడు మొదలుపెట్టడం దండగేనా అని రాశాడు. నాకు ఒళ్లు మండింది. కళ్లద్దాలు సవరించుకుని, మా కథంతా, మా వంటావార్పు, మా గుంతలు అన్నీ రాసి వాడి మొహాన కొట్టాలని మొదలుపెట్టాను. మామ ఫోన్లో ఉన్నాడు. ఆయనకు ఇప్పుడు చెవులు సరిగా వినబడవు, అందుకని గట్టిగా అరుస్తాడు.

"ఏమంటాండాడప్పా వాడు?"

"ఆట సచ్చిపోతాండాదంట మామా, చేరల్లనా వద్దా అని అడుగుతాండాడు."

"అడగనీకైనా ఇంత దూరం నడిచొచ్చినాడు గదా. గుర్రమియ్యి వానికి."

రాసిందంతా చెరిపేశాను. నా గుర్రం దిగి పగ్గం వాడికిచ్చాను. సైన్యాధిపతి గుర్రం, ఎన్నో ఏళ్లు మేపింది. అప్పటి ఇరవై మూడేళ్ల నేనైతే దాని నీడను కూడా ఎవరినీ తొక్కనిచ్చేవాణ్ణి కాదు. వాడు ఎక్కాడు, రెండుసార్లు కిందపడ్డాడు, మళ్లీ ఎక్కాడు. కళ్లెం ఎలా పట్టుకోవాలో చెబుతూ వాడి పక్కనే గుట్ట ఎక్కాను, నడిచి.